అష్టగ్రహాల అమావాస్య

మొన్న సాయంత్రం ఒక కుర్ర చిత్రకారుడు మా ఇంటికి వచ్చాడు. పిల్లల పత్రిక కోసం నేను రాసిన అంతరిక్ష కథకు బొమ్మలు వేసి, అచ్చుకు పంపేముందు నాకొకసారి చూపించమని సంపాదకులు పంపారట. మంచి చెయ్యి. రాకెట్టు తలుపు మీది మరమేకులు కూడా విడివిడిగా వేశాడు. ఒక్కొక్క పేజీ తిప్పుతూ మెచ్చుకుంటూ పోతున్నదాన్ని, ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. నల్లటి ఆకాశంలో గ్రహాలన్నీ దారానికి గుచ్చిన పూసల్లా ఒక వరుసలో ఉన్నాయి. వాటి కింద సముద్రం గోడలా లేచి నిలబడింది. నా కథలో అది లేదు. అందంగా ఉంటుందని అతను సొంతంగా కలిపాడు. గ్రహాలు ఎప్పుడూ అలా కనబడవు నాయనా అన్నాను. "బొమ్మల కథే కదమ్మా" అని నవ్వాడు. నేను మంచినీళ్ళు తెచ్చుకునే నెపంతో లోపలికి వెళ్ళి వంటింటి గట్టు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా నక్షత్రాల గురించీ గ్రహాల గురించీ పిల్లలకు రాస్తున్న దాన్ని, ఒక బొమ్మ చూసి భయపడ్డానంటే అతనికి చెప్పినా నమ్మడు.

మాది విడవలూరుకు తూర్పున, సముద్రం ఒడ్డునే ఉన్న పాలెం. తాటాకు ఇళ్ళు, వాటి వెనక సరుగుడు తోపు, ఆ తోపు దాటి చాలా దూరం నడిస్తే కాలవ, కాలవ దాటితే వరిపొలాలు, రైతుల ఊళ్ళు. నాయన తెప్ప మీద వేటకు పోయేవాడు. అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని కాలవ దాటి ఊళ్ళు తిరిగి, తట్టలో వడ్లు పోసుకుని తిరిగి వచ్చేది. ఇంట్లో ఎప్పుడూ రెండు వాసనలు ఉండేవి. ఒకటి ఎండుచేపలది, అది మాకు వాసనగా తెలిసేది కాదు. రెండోది తుమ్మచెక్క కషాయానిది. ఆ రోజుల్లో వలలు నూలువి. ఉప్పునీళ్ళకు కుళ్ళిపోకుండా పెద్ద కాగులో తుమ్మచెక్క మరిగించి, ఆ ఎర్రటి నీళ్ళలో వలలు ముంచి ఆరేసేవాళ్ళు. కాగు కింద మంట ఎగదోసే పని తాతది. వాతం కొట్టి ఆయనకు ఎడమకాలూ ఎడమచెయ్యీ పడిపోయాయి. నాయన ఆయన్ను పొద్దున్నే ఎత్తుకొచ్చి కాగు పక్కన గోనెపట్టా మీద కూర్చోబెడితే, కుడిచేత్తో ఒక్కొక్క పుల్లా లోపలికి తోస్తూ సాయంత్రం దాకా అక్కడే ఉండేవాడు. పొగకు కళ్ళు ఎర్రబడేవి. ఎవరైనా అయ్యో అంటే, కూర్చుని తినడం కంటే ఇది నయమనేవాడు.

మా శీనన్న కావలిలో ఒక సైకిలు షాపులో పనికి ఉండేవాడు. పక్కనే మంగలి షాపులో చిరిగిపోయిన పాత వారపత్రికలు అడిగి తీసుకుని, ఇంటికి వచ్చేటప్పుడు చొక్కా లోపల దోపుకుని తెచ్చేవాడు. వాటిలో వారం వారం ఒక బొమ్మల కథ వచ్చేది. గడ్డం శాస్త్రవేత్త ఒకాయన దుర్భిణిలో చూసి, గ్రహాలన్నీ ఒకవైపుకు చేరుతున్నాయని కనిపెడతాడు. ఎవరూ నమ్మరు. గ్రహాలు వారం వారం పెద్దవవుతూ వస్తాయి. గురుడు ఇంటి కప్పుల మీద పళ్ళెమంత అవుతాడు, శని తన చక్రంతో సగం ఆకాశాన్ని మూసేస్తాడు. సముద్రం పైకి లేచి పట్నాల మీద పడుతుంది. శాస్త్రవేత్త రాకెట్టులో చంద్రుడి మీదికి పారిపోతాడు. పాలెంలో చదవడం వచ్చిన పిల్లలం కొద్దిమందిమే. నేను కాగు పక్కన కూర్చుని ఆ కథ తాతకు చదివి వినిపించేదాన్ని. ఆయన బొమ్మలు చూడడు, కళ్ళు మసక. కథకు మాత్రం అడ్డు తగిలేవాడు. ఆ రాకెట్టు వాళ్ళు తాగడానికి నీళ్ళు ఎక్కడివి, దారి తప్పితే దేన్ని గుర్తు పెట్టుకుంటారు అని అడిగేవాడు. నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఉన్నట్టు కల్పించి చెప్పేదాన్ని. ఈనాటి నా వృత్తి అక్కడ మొదలయిందేమో.

అరవై ఒకటో సంవత్సరం వానాకాలం పోయాక సాయంత్రాల్లో, పడమటి దిక్కున సరుగుడు తోపు పైన రెండు పెద్ద చుక్కలు పక్కపక్కనే కనబడేవి. ఒకటి బాగా మెరిసేది, ఒకటి కొంచెం మసక. అవి గురుడు, శని అని శీనన్న చెప్పాడు. కావలిలో ఎవరో చూపించారట. నేను రోజూ చూసేదాన్ని. రోజూ కొంచెం కిందికి దిగేవి. చలి బాగా ముదిరేసరికి తోపు చివర్లకు తగిలాయి. ఆ తరవాత ఒక సాయంత్రం చూస్తే లేవు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమ్మ తట్టతో పాటు ఒక వార్త మోసుకొచ్చింది. ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో కలుస్తున్నాయట, అష్టగ్రహ కూటమట, ప్రళయం వస్తుందట. కాలవ అవతల ఊళ్ళన్నిట్లో యజ్ఞాలూ భజనలూ చేస్తున్నారట. సముద్రం కాలవ దాకా వచ్చేస్తుందని విడవలూరులో ఒక జోస్యుడు చెప్పాడట.

పెద్దవాళ్ళకు అది పుకారు. నేను దాన్ని బొమ్మల్లో చూసి ఉన్నాను. నా రెండు చుక్కలూ ఎందుకు కనబడడం లేదో నాకు అర్థమైంది. అవి ఎక్కడో దాక్కుని మిగిలినవాటి కోసం కాచుకుని ఉన్నాయి. అన్నీ కలిశాక ఒక్కసారిగా, శని చక్రంతో సహా, మా ఇంటి మీద లేస్తాయి. ఆ తరవాత నుంచి నేను సముద్రం వైపు వీపు పెట్టి కూర్చోవడం మానేశాను. అన్నం తింటున్నా అటే చూసేదాన్ని. చూపు చివర నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత నిన్నటికంటే కొంచెం పైకి లేచినట్టు అనిపించేది. అమ్మకు చెబితే, నోరు మూసుకోమంది. ఆమె కూడా అటు తిరిగి చూసేసరికి నాకు ఇంకా భయమేసింది.

పాలెంలో వింత పనులు మొదలయ్యాయి. పెంచుకున్న కోళ్ళను కోసి తినేశారు. వేసవికి అనుకున్న పెళ్ళి ఒకటి హడావిడిగా చేసేశారు. ఎన్నో ఏళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు కలిసి ఏడ్చారు. అమావాస్య దగ్గరపడేకొద్దీ ఒక్కొక్క ఇల్లూ మూటలు కట్టింది. కాలవ దాటి రైతుల ఊళ్ళలో బడి అరుగుల మీదా, మామిడి తోటల్లోనూ తలదాచుకోవాలని అనుకున్నారు. మా ఇంట్లో తాత దగ్గర మాట ఆగింది. ఆయన్ను మంచంతో సహా మొయ్యాలంటే నలుగురు కావాలి. నాయన ఇంటింటికీ తిరిగాడు. ఎవరికి వాళ్ళకు పసిపిల్లలు, ముసలమ్మలు, మూటలు. అందరూ రేపు చూద్దామన్నారు. ఆ రేపటికి వాళ్ళు కాలవ దాటిపోయారు. మంచం ఎక్కించుకోవడానికి కాలవ దాటించే పడవవాడు కూడా ఒప్పుకోలేదట.

తాత మమ్మల్ని పొమ్మన్నాడు. నాయన అమ్మనూ నన్నూ పొమ్మన్నాడు. అమ్మ గడప మీద కూర్చుని కదలనంది.

"పిల్లదాన్ని చూడు. నెల నుంచి నిద్ర పోలా. దాన్ని తీసుకుని పో" అన్నాడు నాయన. "నేను మా నాయన్ని చూసుకుంటా. రెండ్రోజులే కదా."

"సముద్రం వస్తే?" అంది అమ్మ.

"వస్తే తెప్ప ఉండాది" అన్నాడు. ఆ మాట నాకోసం అన్నాడని తెలుసు. తెప్ప మీద తాత కూర్చోలేడని కూడా నాకు తెలుసు. తోపు దాటేదాకా వెనక్కి చూస్తూ నడిచాను. కాగు కింద మంట లేదు. ఆ పూట తాతను బయటికి తేలేదు.

అమ్మ చేపలమ్మే ఊరి బడిలో దిగాం. అరుగుల నిండా మా పాలెం వాళ్ళే. ఆ ఊరి రైతులు గంజి కాచి పోశారు. వాళ్ళూ భయంతోనే ఉన్నారు కాబట్టి ఎవరినీ విసుక్కోలేదు. ఆ బడి అయ్యవారు కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకుడు, ఆ చుట్టుపక్కల రైతుల బిడ్డే. పేరు సుబ్బయ్య. నా మూటలోంచి జారిపడిన బొమ్మల కథ కాగితాలు చూసి, ఇవి నువ్వు చదువుతావా అని అడిగాడు. ఆయనా ఆ కథ చదివేవాడట. చదివి, బొమ్మలేసిన ఆయనకు ఖగోళం తెలియదని ప్రతి వారమూ తిట్టుకునేవాడట.

సాయంత్రం దీపం పెట్టే వేళకు ఆయన పిల్లలందరినీ బడి ఆవరణలోకి పిలిచాడు. లాంతరు మధ్యలో పెట్టి అది సూర్యుడన్నాడు. నన్ను ఒకవైపు నిలబెట్టి, నువ్వు భూమివన్నాడు. ఇంకో పిల్లను నాకూ లాంతరుకూ మధ్యన, నాకు బాగా దగ్గరగా పెట్టి చంద్రుడన్నాడు. బుధుడు లాంతరు పక్కన. మిగిలినవాళ్ళను శుక్రుడు, కుజుడు, గురుడు, శని అని పేర్లు పెట్టి, లాంతరుకు అవతలివైపు దూరంగా, చీకట్లోకి పంపాడు. ఎనిమిదోది కంటికి కనబడని ఛాయాగ్రహమని వదిలేశాడు. వాళ్ళెవరైనా కనబడుతున్నారా అని నన్ను అడిగాడు. దీపం కళ్ళలో పడి నాకు ఎవరూ కనబడలేదు. అదే సంగతి అన్నాడు. గ్రహాలు దాక్కోలేదు, సూర్యుడి వెలుతురులో కలిసిపోయాయి. పెద్ద గ్రహాలు ఇప్పుడు సూర్యుడికి అవతల, మనకు ఎంత దూరంగా పోగలవో అంత దూరంలో ఉన్నాయి. బొమ్మల్లో మీదికి వచ్చినట్టు వేశారుగాని, నిజానికి ఇది వాటి దూరపు కాలం. అన్నీ కలిసి లాగినా సముద్రం వెంట్రుకవాసి కదలదు.

చీకట్లో శనిగా నిలబడిన పిల్ల నవ్వుతోంది. నా గుండె మీది బరువు మొదటిసారిగా కొంచెం దిగింది. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. అందరూ అవతల ఉంటే చంద్రుడు ఇవతల, నా పక్కనే ఉన్నాడు కదా అన్నాను. అవును, అమావాస్య అంటే అదే అన్నాడాయన. సూర్యుడూ చంద్రుడూ ఒకే వైపు ఉండి నీళ్ళను లాగుతారు, అందుకే అమావాస్యకు పోటు ఎక్కువ, ప్రతి నెలా ఉండేదే. నేను ఏడుపు మొదలుపెట్టాను. ప్రతి నెలా ఉండేదే అన్న మాట నా చెవికి ఎక్కలేదు. లాగుతారన్న మాటే ఎక్కింది. గడ్డం శాస్త్రవేత్త కూడా అదే అన్నాడు. అయ్యవారు పిల్లలను పంపించేసి నా ముందు గొంతుకూర్చున్నాడు. మా నాయనా తాతా అక్కడే ఉన్నారని చెప్పాను.

"మీకు భయం లేదా అయ్యోరా?" అని అడిగాను.

"ఉండాది పాపా" అన్నాడు. "లెక్కంతా తెలుసు. అయినా మా అమ్మ నిన్నటి నుంచి దేవుడి ముందర నుంచి లేవకపోతే, నాకూ రాత్రి కునుకు పట్టలా."

పెద్దవాళ్ళు భయం ఒప్పుకోవడం నేను అంతవరకు వినలేదు. ఆ మాటతో ధైర్యం రాలేదు. కానీ ఆ లాంతరు లెక్క నిజమే అయి ఉంటుందని మాత్రం నమ్మకం కుదిరింది.

మర్నాడు అమావాస్య. పొద్దున్నే శీనన్న కావలి నుంచి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. నాయనా తాతా ఏరని అడిగాడు. అమ్మ కొంగు బిగించుకుంది. చస్తే అందరం ఒకచోటే, నేను పోతున్నా అని నడక మొదలుపెట్టింది. అరుగుల మీద వాళ్ళు కేకలేశారు, కొందరు ఆమె కొంగు పట్టుకున్నారు. ఆమె విడిపించుకుంది. వెనక నుంచి సుబ్బయ్య అయ్యవారు సైకిలు తోసుకుంటూ వచ్చాడు. తానూ వస్తానన్నాడు. పిల్లలకు అంత చెప్పి తాను సముద్రం చూడకుండా ఉండలేననో ఏమో అన్నాడు. నన్ను సైకిలు మీద కూర్చోబెట్టాడు. కాలవ దగ్గర పడవవాడు లేడు. అయ్యవారే గడ వేశాడు.

తోపు దాటుతుండగా సముద్రం వినబడింది. ఎప్పటి శబ్దమే, కానీ దాని కింద ఉండాల్సిన శబ్దాలు లేవు. మాటలు లేవు, దగ్గు లేదు, రోకటి పోటు లేదు. ఏ ఇంటి మీదా పొగ లేదు. ఆరేసి వదిలిపోయిన చేపల మీద కాకులు గుంపులుగా ఉన్నాయి, మమ్మల్ని చూసి కూడా లేవలేదు. నేను అయ్యవారి చొక్కా గట్టిగా పట్టుకున్నాను. మా ఇంటి తలుపుకు అడ్డంగా తాటాకులు కట్టి ఉన్నాయి. వాటి ముందు నాయన చేతిలో తెడ్డు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. తలంతా ఇసక. మమ్మల్ని చూసి లేవలేదు. కాస్త దూరంలో కుక్కలు గుంపుగా పడుకుని ఆయన్నే చూస్తున్నాయి.

"నిన్న పొద్దున పోయినాడు" అన్నాడు. "ఎవురినైనా పిల్చుకొద్దామంటే ఒదిలిపెట్టి పొయ్యేదానికి కుదర్లా. కుక్కలు."

ఒక పగలూ ఒక రాత్రీ ఆయన అలా కూర్చుని ఉన్నాడు. నీళ్ళు కూడా తాగలేదు. అమ్మ కుండలో నీళ్ళు తెచ్చి నోటికి అందించింది. ప్రళయం గురించి నెల రోజులుగా నేను ఎన్నో ఊహించాను. ఈ ఖాళీ ఊరు, ఆ తెడ్డు, ఆ కుక్కల చూపు నా ఊహలో లేవు. బొమ్మల్లోనూ లేవు.

పాడె కట్టారు. నాయన, శీనన్న, అయ్యవారు. నాలుగో మనిషి లేడు. అయ్యవారు అప్పటికే చొక్కా విప్పి సైకిలు మీద వేశాడు. రైతుబిడ్డ వేటకు పోయే మా పట్టపోళ్ళ శవాన్ని మోయడం ఆ రోజుల్లో ఎంత మాటో నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. అమ్మ వచ్చి నాలుగో కొన దగ్గర నిలబడింది.

"ఆడమనిషి పట్టకూడదు" అన్నాడు నాయన.

"పట్టేవాళ్ళు యాడుండారో చూపించు. పక్కకు తప్పుకుంటా" అంది.

ఆయన జరిగి చోటిచ్చాడు. అమ్మ రోజూ తట్ట మోసే మనిషి, ఆమె వైపు పాడె కుంగలేదు. నేను నీళ్ళకుండ పట్టుకుని ముందు నడిచాను. ఇసకదిబ్బల వెనక గొయ్యి తవ్వి తాతను పూడ్చేసరికి ఎండ దిగింది. అప్పుడు అయ్యవారు, నేను ఒడ్డుకు వెళ్ళాం. పోటు నిండుగా ఉంది. ఎండిన నాచు చారలు ఉండే చోటుదాకా, ప్రతి అమావాస్యకూ వచ్చే చోటుదాకా వచ్చి, కాసేపు నిలబడి, వెనక్కి పోయింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

తరవాతి రోజుల్లో పాలెం తిరిగి నిండింది. ఒక్కొక్కరే వచ్చి మా ఇంటి ముందు తలవంచుకుని నిలబడ్డారు. నాయన ఎవరినీ ఏమీ అడగలేదు. వాళ్ళు ఇచ్చిన బియ్యం తీసుకున్నాడు, వాళ్ళతోనే వేటకు పోయాడు. కన్నీరు మాత్రం పెట్టలేదు. అది అమ్మను భయపెట్టింది, నన్నూ భయపెట్టింది. ఈ రోజుల్లో తుపాను హెచ్చరిక వస్తే ఆ ఒడ్డుకు బస్సులు వస్తాయి. మంచం పట్టిన వాళ్ళనూ గర్భిణులనూ ముందు ఎక్కించుకుంటారు. పెద్ద స్లాబు భవనంలో వరసగా పడుకోబెట్టి మందులిస్తారు. ఒకసారి నేను వెళ్ళి చూశాను. కదలలేని ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని, తన వంతు ఉప్మా చల్లారిందని గొణుగుతున్నాడు. ఆయన గొణుగుడు వింటూ చాలాసేపు నిలబడ్డాను. అప్పటివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. భయం వాళ్ళ చేతులు ఖాళీగా ఉంచలేదు, అంతే. ఇప్పటివాళ్ళు ధైర్యవంతులనీ అనలేను. ముసలివాళ్ళను ఎవరు మొయ్యాలో భయం రాకముందే నిర్ణయించుకున్నారు. నేను చూసినంతలో ఆ కాలానికీ ఈ కాలానికీ తేడా అదే.

నెల మాసికానికి సుబ్బయ్య అయ్యవారు వచ్చి మా ఇంట్లోనే పడుకున్నాడు. వేటకు పోయేవాళ్ళు లేచే వేళకు నన్ను లేపి ఒడ్డుకు తీసుకెళ్ళాడు. తూర్పున, సముద్రం మీద, రెండు చుక్కలు. మెరిసేది కింద, మసకగా ఉన్నది పైన. పడమట తోపులో దిగి మాయమైనవి సూర్యుణ్ణి దాటుకుని ఇటువైపు తేలాయి. నాకు ఇంకా బెదురుగానే ఉంది, అయ్యవారి పక్కనుంచి కదలకుండా చూశాను. నాయన తెడ్డు భుజాన వేసుకుని తెప్ప దగ్గరికి వచ్చాడు. ఏం చూస్తున్నామని అడిగాడు. గురుడు, శని అని చూపించాను. ఆ ఎనిమిదిట్లో పెద్దవి ఇవేనని చెప్పాను.

నాయన చాలాసేపు చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు.

తెడ్డు ఇసకలో పడేసి అక్కడే కూలబడ్డాడు. తాత పోయిన తరవాత మొదటిసారిగా నోరు తెరిచి ఏడ్చాడు. మిగిలిన తెప్పలు ఒక్కొక్కటే నీళ్ళలోకి పోయాయి. ఆ రోజు మాది పోలేదు.